విడిపోని 617 అంకెలు

అది ప్రధాన సంఖ్య కాదు, సంయుక్త సంఖ్య. ఆ సంగతి మామూలు కంప్యూటరైనా క్షణాల్లో తేల్చేస్తుంది. కానీ ఏ రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తే ఆ 617 అంకెలు వచ్చాయో ఇంతవరకు ఎవరూ బయటపెట్టలేదు. దాని పేరు ఆర్ఎస్ఏ-2048. ఇదేదో లెక్కల మాస్టార్ల కాలక్షేపం కాదు. ఇంటర్నెట్‌లో డిజిటల్ సంతకాలు చాలావరకు ఇలాంటి సంఖ్యల మీదే ఆధారపడ్డాయి. గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. కిటుకంతా అదే. అయితే అది నిజంగా కష్టమేనని రుజువు చేసినవారు లేరు.

అంచనాలు తలకిందులైన సందర్భమూ ఉంది. రివెస్ట్, షమీర్, అడెల్‌మన్ 1977లో 129 అంకెల సంఖ్యనిచ్చి, విడగొడితే 100 డాలర్లన్నారు. కోట్ల కోట్ల ఏళ్లు పడుతుందనుకున్నారు. 1994లో సుమారు 600 మంది ఔత్సాహికులు తమ కంప్యూటర్లతో ఎనిమిది నెలల్లో పని ముగించారు.

కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా 2002లో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. ఏ సంఖ్యయినా ప్రధానమా కాదా అన్నది కచ్చితంగా, సమర్థంగా తేల్చే పద్ధతి వారిది. మరి తాళాలు ఊడినట్లేనా? లేదు. ఇంట్లో దొంగ ఉన్నాడని అది చెబుతుంది, పట్టివ్వదు. కారణాంకాల వేట వేరే సంగతి.

ఆ వేటలో 250 అంకెల సంఖ్య 2020లో లొంగింది. ఒక్క ప్రాసెసర్ కోర్ చేస్తే 2,700 ఏళ్లు పట్టే శ్రమ అది. 617 అంకెలు ఇంకా చాలా దూరం. అసలు భయం క్వాంటం కంప్యూటర్‌తోనే. అది తగినంత పెద్దదైతే కారణాంకాలు చిటికెలో దొరుకుతాయని పీటర్ షోర్ ఆ 1994లోనే చూపించారు. అంతటి యంత్రం ఇంకా రాలేదు. అయినా అమెరికా ప్రమాణాల సంస్థ 2024లోనే కొత్త తాళాలు ప్రకటించింది.