అరిచే కుక్కకు ముప్పై అడుగుల దూరం

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన గ్రూపులో నెలకొకసారైనా ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది. "మా కుక్క ఇంట్లో మేకపిల్ల మాదిరి ఉంటుంది, వీధిలోకి రాగానే పులి అవుతుంది, ఏం చేయాలి?" జవాబులు కూడా ఎప్పుడూ అవే. "నాలుగు తగిలిస్తే దారికొస్తాది." "గొలుసు పొట్టిగా కట్టు." "ఊరవతల వదిలేసి రా." ఈ మూడింటితోనూ పని జరగదని, జరిగేది ఇంకొకటి ఉందని చెప్పడానికే ఈ పోస్టు. నేను డాక్టరును కాను, ట్రైనరును కాను. రెండేళ్ళుగా ఇలాంటి కుక్కతో రోజూ పొద్దున పరిగెత్తుతున్నవాణ్ణి, అంతే.

మా కరియ నాటు కుక్క. వాణ్ణి మా వీధి చివరింటి పెద్దాయన పెంచాడు. ఆయన కేజీఎఫ్‌లో గని లోపల పనిచేసి, 2001లో గనులు మూతపడ్డాక బంగారుపేటకు వచ్చి స్థిరపడినవాడు. ఆయన పోయాక పిల్లలు బెంగళూరు నుంచి వచ్చి, పదకొండో రోజు కర్మ ముగించుకుని, ఇల్లు తాళం వేశారు. కుక్కను ఎక్కడైనా వదిలేయమన్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, అపార్ట్‌మెంటులో వాళ్ళ కష్టాలు వాళ్ళవి. కరియకు అప్పటికి మూడేళ్ళు. గేటు లోపల, గొలుసు చివర, ఒక్క మనిషినే చూస్తూ పెరిగినవాడు. మోటార్ సైకిలు, హెల్మెట్, చేతికర్ర, గొడుగు, ఏది కనిపించినా మీదికి ఎగిరేవాడు.

మా వీధి నుంచి స్టేషనుకు దగ్గరదారి ఉంది. తెల్లవారుజామునే బెంగళూరు రైళ్ళ కోసం టిఫిన్ సంచులు పట్టుకుని జనం పరుగులాంటి నడకతో పోతుంటారు. అందరికీ తొందరే, అందరూ కరియకు ఎదురే. పక్కింట్లో ఆరో తరగతి పిల్లాడు వీడికి భయపడి ట్యూషన్‌కు రెండు వీధులు చుట్టి పోయేవాడు. చివరికి వీధి పెద్దలు వచ్చి చెప్పారు. "నీ మీద గౌరవంతో అడుగుతా ఉండాము నాయనా. రెండు నెలలు చూస్తాము. అప్పటికీ ఇట్లే ఉంటే పంపించేయాల." వాళ్ళు చెప్పింది న్యాయమే. పిల్లాడు తన వీధిలో తాను నడవలేకపోతే అది చిన్న విషయం కాదు.

ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. అరిచే కుక్కల్లో ఎక్కువ భాగం కోపంతో అరవవు, భయంతో అరుస్తాయి. దాని లెక్క చాలా తేలిక. బండి వచ్చింది, నేను అరిచాను, బండి వెళ్ళిపోయింది. బండి ఎలాగూ వెళ్ళిపోయేదే, కానీ కుక్కకు ఆ సంగతి తెలియదు. తన అరుపు పనిచేసింది అనుకుంటుంది. రోజుకు వందసార్లు ఈ పాఠం దానంతట అదే నేర్చుకుంటుంది. అప్పుడు మనం కొడితే ఇంకో పాఠం కూడా చేరుతుంది: బండి వస్తే దెబ్బ కూడా వస్తుంది. బండి అంటే భయం రెట్టింపవుతుంది. కొందరి కుక్క దెబ్బలకు అరవడం మానేస్తుంది. అది బాగుపడింది అనుకోకండి. అరుపు అంటే హెచ్చరిక. హెచ్చరిక మానేసిన కుక్క ఒకరోజు నేరుగా కరుస్తుంది.

భయాన్ని తీసేసే పద్ధతి కొత్తదేం కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ అనే చిన్న పిల్లాడి మీద చేసిన పని ప్రచురించింది. వాడికి కుందేలంటే భయం. పిల్లాడు ఇష్టమైనది తింటున్నప్పుడు బోనులో కుందేలును గదిలో దూరంగా పెట్టారు. తర్వాత తర్వాత కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చారు. చివరికి పిల్లాడు కుందేలును ముట్టుకున్నాడు. ఇందులో రెండే సంగతులు: భయపడనంత దూరం, ఆ దూరంలో ఇష్టమైన తిండి. కుక్కకూ ఇదే.

కరియ విషయంలో నేను మొదట చేసింది కొలవడం. బండి ఎంత దూరంలో ఉన్నప్పుడు వాడి చెవులు నిక్కబొడుచుకుంటాయి, ఎంత దూరంలో ఒళ్ళు బిగుస్తుంది, ఎంత దూరంలో ఎగురుతాడు? ముప్పై అడుగుల దగ్గర ఒళ్ళు బిగిసేది. అంటే మా పాఠశాల నలభై అడుగుల దగ్గర మొదలవ్వాలి. మా సందులో నలభై అడుగులు ఎక్కడివి? అందుకే తెల్లవారకముందే వాణ్ణి బూదికోట దారివైపు తీసుకుపోయేవాణ్ణి. హైదర్ అలీ పుట్టిన ఊరని మనం చెప్పుకునే బూదికోటే. ఆ పక్క మట్టిదారులున్నాయి, చేలు ఉన్నాయి, బండి వస్తే పక్కకు దిగడానికి చోటుంది.

జేబులో ఉడికించిన కోడి కార్జం, వేలి గోరంత ముక్కలు. దూరంగా బండి కనిపించగానే ఒక ముక్క, ఇంకో ముక్క, ఇంకో ముక్క. బండి కనుమరుగు కాగానే ముక్కలు బంద్. ఈ వరుస ముఖ్యం. బండి ముందు, తిండి తర్వాత. తిండి చూపించాక బండి వస్తే కుక్క తిండినే అనుమానిస్తుంది. సుమారు మూడు వారాలకు ఒకరోజు దూరంగా బండి శబ్దం వినగానే కరియ బండివైపు కాకుండా నా మొహంవైపు చూశాడు. "ఏదీ నా ముక్క?" అన్నట్టు. ఆ ఒక్క చూపు చాలు, దారి సరైనదేనని తెలిసింది.

ఇక పరుగు సంగతి. చాలామంది "బాగా పరిగెత్తించు, అలసిపోతే అరవదు" అంటారు. అది సగం నిజం. వట్టిగా అలసగొడితే రెండు నెలల్లో ఇంకా బలమైన, ఇంకా ఎక్కువ దూరం అరవగల కుక్క తయారవుతుంది. పరుగు వల్ల మేలు వేరే చోట ఉంది. పరుగులో మనమూ కుక్కా ఒకే వైపు చూస్తాం, ఒకే లయలో పోతాం, తర్వాత ఏం జరుగుతుందో దానికి తెలుస్తుంది. ఇద్దరు తెలియని కుక్కలు ఎదురెదురుగా ముక్కు ముక్కు పెట్టుకుంటే గొడవ. అవే రెండూ ఇరవై అడుగుల ఎడంతో ఒకే వైపు నడిస్తే కాసేపటికి ఒకదాన్నొకటి మరిచిపోతాయి. మనుషులైనా అంతే కదా, ఎదురుగా కూర్చుంటే పంచాయితీ, పక్కపక్కన నడిస్తే మాటలు.

యూరప్‌లో కుక్కతో పరిగెత్తడాన్ని క్యానిక్రాస్ అంటారు. మంచుబండ్లు లాగే కుక్కలకు మంచులేని కాలంలో చేయించే సాధన నుంచి వచ్చిన ఆట అది. దాని సామాను మనకు పనికొస్తుంది: కుక్క ఛాతీకి హార్నెస్, మన నడుముకు బెల్టు, మధ్యన సాగే తాడు. మెడపట్టీకి తాడు కట్టి పరిగెత్తకండి. లాగినప్పుడల్లా గొంతు నొక్కుకుంటుంది, ఆ నొప్పిని కూడా ఎదురొచ్చినవాళ్ళ ఖాతాలోనే రాసుకుంటుంది. భయపడే కుక్కకు మొదట్లో నడుము బెల్టు కూడా వద్దు, తాడు చేతిలోనే ఉండాలి. పక్కకు తిరగాల్సి వస్తే సులభం.

మొదలుపెట్టే ముందు పశువుల డాక్టరుకు చూపించండి. తుంటి నొప్పి, చెవిలో చీము, పిడుదుల జ్వరం, వీటివల్ల కూడా కుక్క కసురుతుంది. నొప్పికి శిక్షణ మందు కాదు. ఏడాది నిండని కుక్కతో పరుగు వద్దు, పెద్ద జాతులకైతే ఏడాదిన్నర. అప్పటిదాకా ఎముకల చివర్లు ముదరవు. కడుపునిండా తిన్న వెంటనే పరుగు వద్దు.

ఎండ విషయంలో మరీ జాగ్రత్త. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రం కాస్త. మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పడంతోనే పోవాలి. దాని మామూలు ఒంటి వేడే సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. మార్చి నుంచి మే దాకా ఏడులోపు ఇంటికి చేరాలి. తారురోడ్డు మీద అరచేయి వెనుక భాగం ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

కేజీఎఫ్ వైపు ఉండే మిత్రులకు ఒక మాట. సైనైడ్ దిబ్బలు ఫోటోలకు బాగుంటాయి, ఖాళీగానూ ఉంటాయి, పరుగుకు మంచి చోటనిపిస్తుంది. కుక్కను అక్కడికి తీసుకుపోకండి. అది గని వ్యర్థం, ఆ దుమ్ము పాదాలకు అంటుకుంటుంది, ఇంటికొచ్చాక కుక్క పాదాలు నాకుతుంది.

దారిలో వీధికుక్కలు చుట్టుముడితే? మనందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది, రాయి తీస్తున్నట్టు వంగడం. ఏ ఊరి వీధికుక్కకైనా అర్థమయ్యే భాష అది. కానీ పక్కన ఉన్న మీ కుక్కకూ అర్థమవుతుంది, అది మీకే భయపడుతుంది. నేనైతే పరుగు ఆపేస్తాను. కరియను నా వెనక్కు తెచ్చుకుని, నిదానంగా, వాటి హద్దు దాటేదాకా అర్ధచంద్రంలా చుట్టి పోతాను. అవసరమైతే ఒక గుప్పెడు బిస్కెట్లు నేల మీద చల్లి, అవి ఏరుకునేలోపు జరిగిపోతాను.

ఎవరినైనా కుక్క కరిచినా, గీరినా, పెంపుడుదైనా వీధిదైనా, ఆ గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టండి. రేబిస్ లక్షణాలు కనిపించాక కాపాడే మందు దాదాపు లేదు. మీ కుక్కకు ఏటేటా టీకా వేయించడం వీధికి మీరు చేసే మొదటి మర్యాద.

దీపావళి గురించి కూడా అడుగుతుంటారు. కరియను పెంచిన పెద్దాయన గనిలోని ఏర్ బ్లాస్టుల గురించి చెప్పేవాడు. లోతులో రాయి ఒత్తిడికి పగిలితే, పైన కాలనీ ఇళ్ళలో గిన్నెలు కదిలేవట. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని శబ్దం ఎంత భయపెడుతుందో గనులవాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. కుక్కకు దీపావళి మూడు రోజులూ అదే పరిస్థితి. పండుగకు నెల ముందే పటాకుల శబ్దం ఫోనులో వినీ వినిపించనంత చిన్నగా పెట్టి అన్నం పెట్టండి, రోజుకింత పెంచండి. పండుగనాడు చీకటి పడకముందే బయట తిప్పి, కిటికీలు మూసి, టీవీ పెట్టి, పక్కన కూర్చోండి. దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందన్న మాట నమ్మకండి. మరీ వణికిపోయే కుక్కకు డాక్టరు రాసే మందులున్నాయి, ముందే అడగండి. మన ఇంట్లో ఉన్న నిద్రమాత్ర సగం విరిచి మాత్రం వేయకండి.

రెండు నెలల గడువు ముగిసేనాటికి కరియ మారిపోలేదు. ముప్పై అడుగులు పదిహేనయ్యాయి, అంతే. కానీ ఆ తేడా వీధిలో అందరూ కళ్ళతో చూశారు, గడువు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ పక్కింటి పిల్లాడికి కూడా కరియకు చేసిందే చేశాం. మొదట వాళ్ళ మేడ మీదినుంచి చూశాడు. తర్వాత రోడ్డుకు అటువైపు నడిచాడు, మేం ఇటువైపు. దగ్గరికి రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు. ఐదో నెలలో వాడే ఒక కార్జం ముక్క అడిగి, కరియ ముందు నేల మీద వేసి, రెండడుగులు వెనక్కు జరిగి నిలబడ్డాడు. ఇప్పుడు ట్యూషన్‌కు నేరుగా మా ఇంటిముందు నుంచే పోతాడు.

ఇప్పటికీ డాక్టరు దగ్గర కరియకు మూతిబుట్ట కట్టాల్సిందే. సంఘం వనభోజనాలకు వాణ్ణి తీసుకురాను, ఎప్పటికీ తీసుకురాకపోవచ్చు. అన్ని కుక్కలూ అందరితో కలవాలని లేదు. భయంలేకుండా తన వీధిలో తాను నడిస్తే చాలు.

చివరగా మీ అందరికీ మనవి. ఎవరైనా కుక్కతో ఎదురొచ్చి సడెన్‌గా పక్కకు తిరిగితే అది మీకు అవమానం కాదు, మీకిచ్చే మర్యాద. అడగకుండా ఎవరి కుక్క తలా నిమరకండి. "మాది ఏం చెయ్యదండీ" అంటూ మీ కుక్కను తాడు లేకుండా పంపకండి. అవతలి కుక్క ఏం చేస్తుందో మీకు తెలియదు. ఇంట్లో ఇలాంటి కుక్క ఉండి దిక్కుతోచనివాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి. ఆదివారం పొద్దున ఆరుకు బూదికోట దారిలో, మీరు రోడ్డుకు ఆ పక్క, నేనూ కరియా ఈ పక్క, అరగంట నడుద్దాం. రూపాయి ఖర్చు లేదు, కార్జం ముక్కలు మాత్రం మీవి మీరు తెచ్చుకోండి.