తెర వెనుక బాసు ఎవరు?

సినిమాలో అయితే సుఖం. ఎర్రలైట్ల డెన్‌లో, తిరిగే కుర్చీలో ఒక బాసు ఉంటాడు. ఆఖరి రీల్లో దొరికిపోతాడు. మనం హాయిగా ఇంటికి పోతాం.

1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి.రామారావుగారిని తొలగించి, నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రిని చేశారని విన్నప్పుడు మా వాకాడు టీ అంగడిలో మేమూ అలాంటి బాసు కోసమే వెతికాం. ఒకడు ఢిల్లీ అన్నాడు, ఇంకొకడు విదేశీ హస్తం అన్నాడు. "అంతా ముందే రాసిపెట్టిన స్క్రిప్టురా!" అని తేల్చేసింది మాత్రం నేనే.

నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి! అయినా నేను తగ్గితేగా? "ఇదీ స్క్రిప్టే" అన్నాను. 1985 మార్చి ఎన్నికల్లో నాకు మొట్టమొదటి ఓటు. వెయ్యలేదు.

సాయంత్రం మామ నా వేలు చూశాడు.

"ఏందబ్బయా, సిరా చుక్క లేదే?"

"ఓటుతో ఏమవుతుంది మామా? నడిపించేవాళ్ళు వేరే ఉంటారు."

మామ నవ్వలేదు. "తీసేసిన గవర్నరు పేరు నీకు తెలుసు. ఢిల్లీ పోయి రాష్ట్రపతి ముందు నిలబడిన ఎమ్మెల్యేలను దేశమంతా చూసింది. ఎదురుగా ఉన్నోళ్ళను అడగడం మానేసి, కనపడనోడి కోసం వెతుకుతా కూర్చుంటే ఎవరికిరా లాభం?"

నా దగ్గర జవాబు లేదు.

కుట్రలే ఉండవని నేననను. కానీ ఆ మార్చిలో నా ఓటు పోగొట్టింది ఏ బాసూ కాదు. నేనే!