ఓడలో వాళ్ళు... ఒడ్డున మేము

“అమ్మా, ఇంకా టిక్కెట్లు దొరుకుతున్నాయి. నువ్వూ నాన్నా కూడా వచ్చేయండి. ఓడ అంటే మన నాగాయలంక రేవులో పడవ అనుకుంటున్నావేమో! పదిహేను అంతస్తుల మేడమ్మా అది. లోపల ఈతకొలను, సినిమా హాలు, రోజంతా భోజనాలు...” అంటూ మా అమ్మాయి ఎంత బతిమాలినా నేను ససేమిరా అన్నాను.

సముద్రం అంటే నాకు భయం. ఎందుకు భయమో తర్వాత చెబుతాను. నేను రానంటే మా వారూ ఆగిపోయారు. “నా మందుల డబ్బా ఎక్కడుంటే నేనూ అక్కడే” అన్నారు. ఆ మందుల డబ్బా నా సంచీలోనే ఉంటుంది మరి!

ఇది 2024 వేసవి సంగతి. అప్పుడు మేమిద్దరం హ్యూస్టన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. అక్కడికి సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలో గాల్వెస్టన్ అనే దీవి ఉంది. విహార నౌకలు అక్కడి రేవు నుంచే బయల్దేరతాయి. జూలై 1, సోమవారం నాడు ఎక్కి జమైకా, గ్రాండ్ కేమన్, కోజుమెల్ దీవులు చూసి, మళ్ళీ సోమవారానికి తిరిగి రావాలి. మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు పిల్లలు నెల ముందు నుంచే పెట్టెలు సర్దుతున్నారు.

ముందురోజు ఆదివారం అందరం కలిసి గాల్వెస్టన్ చూడ్డానికి వెళ్ళాం. బందరు నుంచి మంగినపూడి వెళ్ళినట్టే అనిపించింది నాకు. అదే ఉప్పుగాలి, అదే బురదరంగు నీళ్ళు. కానీ ఊరికీ సముద్రానికీ మధ్య మైళ్ళ తరబడి పెద్ద గోడ. పదిహేడు అడుగుల ఎత్తు. దాని మీదే షికార్లు, సైకిళ్ళు, ఐస్‌క్రీం బళ్ళు.

గోడ పక్కన ఓ కంచు విగ్రహం ఉంది. ఒక మగమనిషి భార్యనూ బిడ్డనూ పొదివి పట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తి ఆకాశం వైపు చూస్తుంటాడు. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుపానుకు గుర్తుగా పెట్టిన విగ్రహమది. ఆ ఒక్క రాత్రిలో ఆరు వేల నుంచి పన్నెండు వేల మంది దాకా పోయారట. అమెరికా చరిత్రలో ఏ ప్రకృతి వైపరీత్యంలోనూ అంతమంది చనిపోలేదు. సముద్రం ఒడ్డునే క్రైస్తవ సన్యాసినులు నడిపే ఒక అనాథాశ్రమం ఉండేది. నీళ్ళు లోపలికి వస్తుంటే ఆ తల్లులు బట్టలారేసుకునే తాడు కోసి, పిల్లల్ని వరసగా తమ నడుములకు కట్టుకున్నారట, చెయ్యి జారిపోకుండా. పది మంది సన్యాసినులూ, తొంభై మంది పిల్లలూ అలా కట్టుకున్నవాళ్ళు కట్టుకున్నట్టే పోయారు. బతికింది ముగ్గురు మగపిల్లలు.

ఆ తర్వాతే ఈ గోడ కట్టారు. గోడతో ఆగలేదు. ఊరినే పైకి లేపారు. రెండు వేలకు పైగా కట్టడాల్ని జాకీలతో ఎత్తి, కింద సముద్రపు ఇసుక నింపారు. మనం మంచం కోళ్ళ కింద ఇటికలు పెట్టినట్టన్నమాట!

బట్టల తాడు సంగతి విన్నాక నేనక్కడ నిలబడలేకపోయాను. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదమూడేళ్ళు. నేను బందరులో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను కాబట్టి బతికాను. మా పిన్నీ, ఆవిడ చంటివాడూ ఊళ్ళోనే ఉన్నారు. రేడియోలో తుపాను అన్నారు. తుపాన్లు మాకు కొత్తా? తలుపులు బిగించుకుని కూర్చున్నారు. తాటిచెట్టంత నీళ్ళు వస్తాయని ఎవరనుకున్నారు? పిన్ని ఆనవాలు కూడా దొరకలేదు. ఆ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారని లెక్క. అంతకు ముందు 1864లో వచ్చిన బందరు ఉప్పెనలో ముప్ఫై వేల మంది పోయారని మా తాతగారు చెప్పేవారు. అదీ నా భయం.

పొట్లం ఎటు తిరిగితే అటే

సోమవారం మధ్యాహ్నం వాళ్ళు ఓడెక్కారు. సాయంత్రం కాఫీ కలుపుకుని టీవీ పెట్టానో లేదో, “బెరిల్” అన్న మాట వినబడింది. అట్లాంటిక్‌లో పుట్టిన తుపాను. ఆ రోజే గ్రెనడా దేశంలోని కారియాకు అనే చిన్న దీవి మీద పడి ఇళ్ళ కప్పులు ఎగరగొట్టింది. ఆ రాత్రికల్లా అయిదో తరగతికి చేరింది. అంటే గంటకు 252 కిలోమీటర్లు దాటిన గాలి. అయిదే చివరి తరగతి. సంవత్సరంలో అంత తొందరగా ఆ స్థాయికి చేరిన తుపాను అట్లాంటిక్ రికార్డుల్లోనే లేదట. అది వెళ్తున్న దారి చూద్దును కదా, తిన్నగా జమైకాకి! మా వాళ్ళు వెళ్ళేదీ అక్కడికే!

ఇక నా వారం ఎలా గడిచిందో మీరే ఊహించుకోండి. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం ఆరు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది. హ్యూస్టన్ టైము ప్రకారం తెల్లవారి నాలుగు, పొద్దున పది, సాయంత్రం నాలుగు, రాత్రి పది. ఆ నాలుగు వేళలూ నాకు సంధ్యావందనం వేళలైపోయాయి. టీవీలో తుపాను ముందు తెల్లగా ఓ ఆకారం చూపిస్తారు. వేరుశెనక్కాయల పొట్లంలా మొదట సన్నగా ఉండి పోనుపోను వెడల్పవుతుంది. తుపాను కన్ను వెళ్ళగల దారి అది. అందులోనూ ఓ కిటుకుంది. ప్రతి మూడుసార్లలో రెండుసార్లు మాత్రమే కన్ను ఆ పొట్లంలో ఉంటుంది. గాలీ వానా పొట్లం దాటి ఎంతో దూరం వస్తాయి. పొట్లం బయట ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండకూడదన్నమాట.

“తుపానుకి ఆడపేరు పెట్టారంటేనే భయం వేస్తోంది” అని మా వారు వేళాకోళం. నేనూరుకుంటానా? 1953 నుంచి పాతికేళ్ళ పాటు అక్కడ అన్నీ ఆడపేర్లే పెట్టేవారు. ఇదేం న్యాయమని ఆడవాళ్ళు గొడవ చేస్తే 1979 నుంచి ఒకటి మగపేరు, ఒకటి ఆడపేరు పెడుతున్నారు. “మన విశాఖను పీకి పందిరేసిన హుద్‌హుద్ ఆడదా? అది పిట్ట పేరు!” అన్నాను.

పైకి నవ్వులే గానీ లోపల పీకుతూనే ఉంది. ఓడలు ఎక్కడున్నాయో చూపించే పటం ఒకటి అల్లుడు నా ఫోనులో పెట్టి వెళ్ళాడు. మొదటి రోజు చుక్క కదిలింది. మంగళవారం పొద్దున చూస్తే ఆగిపోయింది. గంట, రెండు గంటలు, మధ్యాహ్నమైంది. ఉన్నచోటే ఉంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పక్కింటి తెలుగు అబ్బాయిని పిలిస్తే అతను నవ్వి, “ఆంటీ, ఓడ పంపే సంకేతాన్ని ఒడ్డు మీది స్తంభాలు అందుకోవాలి. నడిసముద్రంలోకి వెళ్తే అందదు. చుక్క ఆగింది గానీ ఓడ ఆగలేదు” అని చెప్పాడు.

విజయవాడ నుంచి మా వియ్యపురాలు ఫోను. “వదినగారూ, టీవీలో ఏదో తుపాను అంటున్నారు, పిల్లలు ఏమన్నా చెప్పారా?” అని. నేనే వణుకుతూ ఆవిడకు ధైర్యం చెప్పాను. ఆ రాత్రికి మా అమ్మాయి మెసేజి వచ్చింది. “కెప్టెన్ దారి మార్చాడమ్మా. జమైకా లేదు. ముందు కోజుమెల్ చూసేసి, అటునుంచి బహామాస్‌లో నాసావ్‌కి వెళ్తాం.”

అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. ఓడ గంటకు 35, 40 కిలోమీటర్లు పోతుంది. మామూలుగా తుపాను నడిచేది గంటకు 15 నుంచి 25. బెరిల్ కాస్త ఉరుకులది, 30 దాటింది. అయినా ఓడకు ఎటైనా తప్పుకునే వీలుంది. అది కదిలే ఇల్లు. బుధవారం బెరిల్ జమైకా పక్కనుంచి వెళ్ళింది. శుక్రవారం మెక్సికోలో తులుమ్ దగ్గర తీరం తాకింది. కోజుమెల్ దానికి కూతవేటు దూరం. మా వాళ్ళు అక్కడ శంఖాలు కొనుక్కుని వెళ్ళి అప్పటికి రెండు రోజులు!

నేను దేవుడి దగ్గర దీపం పెట్టి, పాయసం వండి, టీవీ కట్టేశాను.

కదలలేని ఇల్లు

తుపాను సంగతి మర్చిపోయి శనివారం బెండకాయ పులుసు పెడుతుంటే మా వారు పిలిచారు. “పొట్లం ఇటు తిరిగిందోయ్!” గురువారం మెక్సికో వైపు ఉన్నది కాస్తా రోజురోజుకీ కుడికి జరిగి, టెక్సాస్ మధ్య తీరానికి వచ్చేసింది. హ్యూస్టన్ దాని కుడివైపు ఉంది.

ఈ కుడివైపు సంగతి మనం తెలుసుకోవాలి. మనవైపు తుపాన్లూ అట్లాంటిక్ తుపాన్లూ కవ్వం తిరిగినట్టు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. ముందుకు నడిచే వేగమూ తిరిగే వేగమూ ఒకటయ్యేది కుడివైపునే. అందుకే దెబ్బ అటు ఎక్కువ. 1977లో తుపాను తీరం దాటింది చీరాల వైపు, మునిగింది దానికి కుడివైపున్న దివిసీమ. నలభై ఏడేళ్ళ తర్వాత, పరాయి దేశంలో, టీవీ ముందు కూర్చుని నాకా సంగతి అర్థమైంది. పిన్నికి ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్ళు లేకపోయారే అనిపించింది.

ఆదివారం నేను చీర కొంగు దోపాను. స్నానాల తొట్టినిండా నీళ్ళు పట్టాను, వాడుకకి. గిన్నెలూ సీసాలూ తాగే నీళ్ళతో నింపాను. డీప్ ఫ్రీజులో ఖాళీ ఉన్నచోటల్లా నీళ్ళ సీసాలు పెట్టి గడ్డ కట్టించాను. ఫ్రీజు నిండుగా ఉంటే చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. పులిహోర కలిపాను, చపాతీలు చేశాను, పాలన్నీ తోడేశాను. పెరట్లో కుర్చీలూ తులసికుండీ లోపల పెట్టించాను. ఫోన్లు, టార్చిలైట్లు చార్జింగుకి పెట్టాం.

సోమవారం తెల్లవారి నాలుగింటికి బెరిల్ మాటగోర్డా దగ్గర తీరం దాటింది. మా దగ్గరికి వచ్చేసరికి తెల్లవారింది. గంటకు 130 కిలోమీటర్ల దాకా గాలులు. ఆ ఈల నేను మర్చిపోలేదు, అదే ఈల. ఇద్దరం కిటికీల్లేని స్నానాలగదిలో కూర్చున్నాం. మా వారు నా చెయ్యి పట్టుకున్నారు. ఎదురింటి ఓక్ చెట్టు కూలి వాళ్ళ కారు మీద పడింది. కరెంటు పోయింది. ఆ ఒక్కరోజే హ్యూస్టన్ ప్రాంతంలో ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకూ దుకాణాలకూ కరెంటు లేదు.

మాకు నాలుగు రోజులకు వచ్చింది. చెక్క ఇళ్ళు, ఏసీ లేకపోతే పొయ్యిలో ఉన్నట్టే. పొయ్యి మాత్రం గ్యాసుది, అగ్గిపుల్లతో వెలిగించాను. మా వీధిలో సగానికి పైగా ఇళ్ళలో కరెంటు పొయ్యిలే. పక్కింటి తెలుగు పిల్లలకూ, చెట్టు కూలిన మెక్సికో వాళ్ళకూ మా ఇంట్లోనే వంట. ఆవిడకు నా భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు. ఆవిడ రొట్టెలు తెచ్చి నా పెనం మీద కాల్చుకుని, నా టమాటా పచ్చడి నంచుకుని, “మంచిది” అన్నట్టు బుగ్గ మీద ముద్దు పెట్టింది. మజ్జిగలో అల్లం, ఉప్పు వేసి కుండెడు చేస్తే సాయంత్రానికి అడుగంటేది.

సోమవారం రావలసిన ఓడ గాల్వెస్టన్ రేవు మూసేయడంతో సముద్రంలోనే ఆగి, మంగళవారం ఒడ్డుకు చేరింది. మా అమ్మాయి లోపలికి రాగానే నన్ను వాటేసుకుని ఒకటే ఏడుపు.

“ఎందుకే ఏడుస్తావు, క్షేమంగా వచ్చావుగా!” అన్నాను.

“మా గురించి కాదమ్మా! ఆదివారం రాత్రంతా ఓడలో టీవీ ముందే కూర్చున్నాను. హ్యూస్టన్ మీద ఎర్రగా చూపిస్తున్నాడు. ఫోను చేస్తే కలవదు. నాలుగింటికి ఓసారి, ఏడింటికి ఓసారి... మీ అల్లుడు పడుకోమన్నా నాకు నిద్ర పట్టలేదు” అంది.

అదన్నమాట! నేను అది ఓడ కోసం చూసిన ఏడు రోజులూ ఒక్క రాత్రిలో అదీ చూసింది, నా కోసం. దాని కళ్ళ కింద నలుపు చూసి ఏమనాలో తోచక, “చేతులు కడుక్కో, పెరుగన్నం కలుపుతాను” అన్నాను.

2025లో బెరిల్ అన్న పేరును తుపాన్ల జాబితాలోంచి తీసేశారు. ఎక్కువ నష్టం చేసిన వాటి పేర్లు మళ్ళీ పెట్టరట. మా అమ్మాయి మాత్రం నన్ను వదలడం లేదు. “ఇప్పుడైనా ఓడెక్కుతావా అమ్మా? ఇల్లు కంటే ఓడే నయమని చూశావుగా!” అంటోంది.

అక్కడ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. నేను బాగా ఆలోచించి చెప్పాను: “ఫిబ్రవరిలో అయితే చూద్దాం. మీ నాన్న మందుల డబ్బా కూడా తెస్తాను.”