కొత్త లైటు వయసెంత?

కారులో ప్లాస్టిక్ భాగాలకి పుట్టిన తేదీ ఉంటుందని మీలో ఎంతమందికి తెలుసు? చాలా వాటికి వెనకవైపు గడియారంలాంటి చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది. మధ్యలో ఉండేది సంవత్సరం, బాణం గుర్తు చూపించేది నెల.

పోయిన నెల మా కారు ముందు భాగం దెబ్బతింటే ఇన్సూరెన్స్ కింద రిపేరు చేయించాం. మాది జీరో డెప్ పాలసీ కాదు. అందుకని ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం తరుగుదల కింద కోసేశారు. అంటే హెడ్‌లైట్‌కి సగం డబ్బు నాన్న జేబులోంచే పోయింది. బిల్లులో మాత్రం 'కొత్తది' అనే ఉంది.

బానెట్ ఎత్తి చూస్తే ముద్రలో 19 అని ఉంది. మేం కొత్త కారు కొన్నది 2022లో. సరే, గోడౌన్‌లో మిగిలిపోయిన పాత స్టాక్ అయ్యుండొచ్చు. తేదీ వయసు చెప్తుంది గానీ, వాడారో లేదో చెప్పదు. కానీ లైటుని బిగించే చోట ఉండే ప్లాస్టిక్ చెవి ఒకటి విరిగితే గమ్‌తో అంటించి ఉంది. కొత్త లైటుకి అతుకెందుకు?

"పోనీలేరా, వెలుగుతోందిగా. రేపు మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి" అన్నారు నాన్న. నాకు అక్కడే బాధేసింది. సగం డబ్బు కట్టిన మనిషి అడగడానికి మొహమాటపడుతున్నారు.

మేం ఎవర్నీ దొంగ అనలేదు. ఫొటోలు పెట్టి, పార్ట్ నంబరు, ఆ లైటు కొన్న బిల్లు చూపించమని గ్యారేజీకి, సర్వేయర్‌తో మళ్లీ తనిఖీ చేయించమని ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. టైప్ చేసింది నేనే అయినా, చివరికి "పంపించు" అన్నది మాత్రం నాన్నే.