హెబ్బాళ దాటాక ఒక రొహింగ్యా వాడ

హెబ్బాళ ఫ్లైఓవర్ దిగి, ఎయిర్‌పోర్టు రోడ్డు వదిలి లోపలికి మళ్లితే అపార్టుమెంట్లు వెనకబడతాయి. ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్ల నడుమ, అద్దెకు తీసుకున్న ఖాళీ స్థలంలో, వెదురు కర్రల మీద నీలం టార్పాలిన్లు కప్పిన గుడిసెల వరస కనిపించింది. ఆ వాడ పేరు రాయడం లేదు, రాయొద్దని అక్కడివాళ్లే కోరారు. నన్ను తీసుకెళ్లింది సాయంత్రాలు అక్కడి పిల్లలకు చదువు చెప్పే మదనపల్లె అమ్మాయి. "ఫొటోలు మాత్రం వద్దక్కా" అని దారిలోనే చెప్పింది.

గుడిసెల ముందు బెంగళూరు పారేసిన చెత్త గుట్టలుగా ఉంది. ఒక నడివయసు స్త్రీ గోనెసంచి పరుచుకుని కూర్చుని నీళ్ల సీసాలు వేరుచేస్తోంది. మూత తిప్పి ఒక గంపలో వేస్తుంది, లేబుల్ చింపి పక్కన పడేస్తుంది, సీసాను మడమతో నొక్కి చదునుగా చేసి ఇంకో సంచిలోకి తోస్తుంది. మూత ప్లాస్టిక్ వేరు, సీసా ప్లాస్టిక్ వేరు, రెండూ కలిస్తే ధర పడిపోతుంది. పాలకవర్లు, అట్టలు, ఇనుము దేని కుప్ప దానిదే. అట్ట తడిస్తే కొనేవాడు ఉండడు కాబట్టి వానాకాలమంతా చేతిలో డబ్బు ఆడదు.

ఆమెది మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం, మంగ్‌డా ప్రాంతం. 2012 అల్లర్ల తర్వాత ఇల్లు విడిచింది. వచ్చీరాని హిందీలో నిదానంగా చెప్పుకొచ్చింది. పక్క ఊరికి వెళ్లాలన్నా అనుమతి కాగితం కావాలి, పెళ్లి చేసుకోవాలన్నా కావాలి. 1982 పౌరసత్వ చట్టం గుర్తించిన జాతుల జాబితాలో రొహింగ్యాలు లేరు. తరతరాలుగా దున్నుకున్న నేల మీదే వాళ్లు పరాయివాళ్లయ్యారు. 2017 ఆగస్టు 25న మొదలైన సైనిక దాడుల్లో ఊళ్లకు ఊళ్లు కాలిపోయాయి. ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. గాంబియా వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2020 జనవరి 23న రొహింగ్యాలను జాతిహననం నుంచి కాపాడే చర్యలు తీసుకోవాలని మయన్మార్‌ను ఆదేశించింది.

"మీవాళ్లు ఇంకా అక్కడ ఉన్నారా?" అని అడిగాను. తమ్ముడు ఉన్నాడట, ఫోను కలవడం లేదట. 2021 సైనిక కుట్ర తర్వాత రఖైన్‌లో సైన్యానికీ తిరుగుబాటుదళమైన అరకాన్ ఆర్మీకీ మధ్య రొహింగ్యాలు నలిగిపోతున్నారు. పౌరులుగా ఒప్పుకోని సైన్యమే 2024లో వాళ్ల కుర్రాళ్లను బలవంతంగా లాక్కెళ్లి యుద్ధంలోకి తోసింది. ఆ ఆగస్టు 5న నాఫ్ నది దాటడానికి ఒడ్డున కాచుకున్న కుటుంబాల మీద డ్రోన్లు బాంబులు కురిపించాయి. దేశం లోపలి యుద్ధంలోనైనా ఆయుధం పట్టనివాళ్ల జోలికి పోకూడదని 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణం చెబుతోంది. అది సైన్యానికీ తిరుగుబాటుదళానికీ సమానంగా వర్తిస్తుంది.

ఈ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. మయన్మార్‌ను బర్మా అన్న రోజుల్లో మనవాళ్లూ అక్కడికి బతుకుదెరువుకు వెళ్లారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగి ఎందరో చనిపోయారు. 1942లో జపాన్ సేనలు వచ్చిపడ్డప్పుడు మనవాళ్లలో ఎంతోమంది ఇప్పుడు రఖైన్ అంటున్న ఇదే అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు కాలినడకన వచ్చారు. దారిలో కలరాకు, ఆకలికి రాలిపోయినవాళ్లకు లెక్క లేదు. 1960లలో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మరికొందరు కట్టుబట్టలతో ఓడ దిగారు. విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. ఒక్క తేడా, మనవాళ్లకు తిరిగిరావడానికి ఒక దేశం ఉంది.

ఆమె లేచి లోపలికి వెళ్లి రేకుపెట్టె తెరిచింది. పాలిథీన్ కవరులోంచి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు తీసి, చేతులు కొంగుకు తుడుచుకుని మరీ నా చేతికిచ్చింది. ఫొటో, పేరు, దేశం, గడువు తేదీ ఉన్నాయి. దాంతో ఆధార్ రాదు. పోలీసులు వస్తే చూపించడానికి మాత్రం అదొక్కటే ఉంది.

1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం పెట్టలేదు. అయినా మన రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు పౌరులకే పరిమితం కావు, ఈ నేల మీదున్న ప్రతి మనిషివీ. అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడటం ప్రభుత్వ బాధ్యతేనంది. 2021 ఏప్రిల్‌లో జమ్మూలో నిర్బంధించిన రొహింగ్యాల కేసులో అదే కోర్టు ఈ రెండు అధికరణాలు అందరికీ వర్తిస్తాయని ఒప్పుకుంటూనే, దేశం నుంచి పంపేయవద్దని కోరే హక్కు మాత్రం పౌరులదేనంది. పద్ధతి ప్రకారం తప్ప పంపకూడదన్నదే అందులో దొరికిన రక్షణ. ఆ ఏడాదే కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులో 72 మంది రొహింగ్యాలను గుర్తించామని కోర్టుకు చెప్పింది. వెంటనే పంపేసే ఆలోచన లేదని మొదట చెప్పి, తర్వాత ఆ మాట మార్చుకుంది.

వాడలో పిల్లలు చాపల మీద కూర్చుని కన్నడ అక్షరాలు దిద్దుతున్నారు. బడిలో చేర్పించడానికి కాగితాలే అడ్డమని ఆ అమ్మాయి చెప్పింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఢిల్లీ రొహింగ్యా పిల్లల విషయంలో, ప్రభుత్వ బడికి వెళ్లి అడగండి, కాదంటే హైకోర్టుకు వెళ్లండి అంది. చెత్త ఏరుకునే తల్లి హైకోర్టు దాకా ఎలా వెళ్తుంది? ఆ బాధ్యత హెడ్‌మాస్టరుది, విద్యాశాఖది. ఏ పిల్లవాణ్నీ కాగితం కోసం గుమ్మంలోంచి తిప్పి పంపొద్దని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. రోగికి ఆసుపత్రిలో పేరు రాసుకోవడానికీ అంతే. ఇక రఖైన్‌లో బాంబులు పడుతున్నంతకాలం ఎవరినీ అక్కడికి పంపకూడదు. ఇది దయ కాదు, రాజ్యాంగం ప్రాణానికి ఇచ్చిన మాట. పౌరసత్వం అడగకుండా ఇచ్చిన ఆ మాటను పౌరులమైన మనమే నిలబెట్టాలి.