షుగర్ దిగిందని సంబరపడితే...

బొల్లారం స్టేషన్ నుంచి రాష్ట్రపతి నిలయం ప్రహరీ దాకా రోజూ తెల్లవారగానే నడక. పదహారేళ్లుగా షుగర్ ఉన్న ఆ రిటైర్డ్ రైల్వే ఉద్యోగికి అదో వ్రతం. ఎప్పుడూ 180కి తగ్గని పరగడుపు షుగర్ ఉన్నట్టుండి 95కి వచ్చేసరికి ఆయన హుషారు చూడాలి! మందు మారలేదు, తిండీ మారలేదు. అంతా నడక మహిమేనని తోటివాళ్లకు చెప్పుకొన్నారు.

ఓరోజు కోడి కూయకముందే ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. భార్య వేలిచివర గుచ్చి చూస్తే 48. గబగబా పంచదార నీళ్లు పట్టించింది కాబట్టి గండం గడిచింది.

డాక్టరు పాత చీటీ చూశారు. గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్. ఏనాడో రాసిన ఆ చీటీతోనే ఏళ్ల తరబడి మందులు కొంటున్నారు. (ఆ పని చేయని ఇల్లెక్కడుంది!) రక్తపరీక్షలో కిడ్నీల వడపోత లెక్క, అదే ఈజీఎఫ్ఆర్, 38 అని తేలింది. అది మూడు నెలలకు మించి 60 లోపే ఉంటే జబ్బు కిందే లెక్క.

''షుగర్ తగ్గడం కాదండీ, మందు ఒంట్లోంచి పోవడం లేదు'' అన్నారు డాక్టరు. కిడ్నీలు నీరసిస్తే గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం ఒంట్లో పేరుకుపోతుంది. ఇన్సులిన్ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.

''అయితే ఈ బిళ్లలే కిడ్నీలను తినేశాయా?'' ఆవిడ అనుమానం. పక్కింటివాళ్లు అన్నీ మానేసి ఏదో పొడి వాడమని పోరుతున్నారు మరి. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. పాడైన కిడ్నీలకు తగ్గట్టు దాన్ని తగ్గించాలి, ఈజీఎఫ్ఆర్ 30 లోపైతే ఆపేయాలి. ఆయన కిడ్నీలను దెబ్బతీసింది ఏళ్లుగా అదుపులో లేని షుగర్, బీపీ. వాటికి తోడు మోకాళ్లకని మింగిన నొప్పి బిళ్లలు.

గ్లిబెన్‌క్లమైడ్ ఆగింది. మెట్‌ఫార్మిన్ సగమైంది. డాపాగ్లిఫ్లోజిన్ చేరింది. ఇది షుగర్‌ను మూత్రంలోకి పంపేస్తూ కిడ్నీ వడపోతల మీద ఒత్తిడి తగ్గిస్తుంది. మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ రోగుల్లో జబ్బు ముదరడాన్ని ఇది నెమ్మదింపజేస్తుందని 2020లో డాపా-సీకేడీ అధ్యయనం తేల్చింది. అదే ఏడాది మన దేశంలో పేటెంట్ తీరడంతో ధరా దిగింది. అయితే వాంతులైనా, ఉపవాసమున్నా ఆపాలి. ఏకాదశి మానని ఆయనకు అదొక్కటే మింగుడు పడలేదు.

మూడు నెలలకు ఈజీఎఫ్ఆర్ 36. ఆయన ముఖం చిన్నబోయింది. మొదట్లో ఆ మందు అంకెను కాస్త దించుతుందని డాక్టరు ముందే చెప్పినా సరే. పరగడుపు షుగర్ 128. మునుపటి 95 కంటే ఎక్కువే. ఆవిడ మాత్రం ఆ రాత్రి, చాన్నాళ్లకు, నిశ్చింతగా నిద్రపోయింది.