టీమ్ ఢిల్లీకి పోయింది, మనం చూసుకుంట నిలబడ్డం



ఈసారి పోస్టు వరి గురించి కాదు, యూరియా గురించి కాదు. ఫుట్‌బాల్ గురించి. నవ్వకండి. చివరిదాకా చదివితే ఇది మన చెరుకు ముచ్చటే అని మీకే తెలుస్తది. కొంచెం పొడుగు ఉంటది, తీరుబాటుగ చదవండి.

2022 మార్చి 20, ఆదివారం. యాసంగి వరి గింజ పాలు పోసుకుంటున్నది. రాత్రి నీళ్లు మలుపుదామని పొలం కాడికి పోయిన. హైదరాబాద్‌ల డిగ్రీ చదివే మా అక్క కొడుకు వచ్చి ఉండె, వాడు కూడా ఎంబడి వచ్చిండు. వచ్చి సాయం చేసిండా అంటే లేదు, మోటరు కాడ కూసొని ఫోన్ల మ్యాచ్ పెట్టుకున్నడు. హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కు ఫైనల్. గోవాల జరుగుతున్నది. స్టేడియం అంతా పసుపు రంగు, అందరూ కేరళ మనుషులే. మనోళ్లకు కేకలు పెట్టేటోళ్లు అక్కడ శానా తక్కువ.

నాకు తెలిసిన ఆటలు కబడ్డీ, క్రికెట్. అయినా పారపట్టుకొని ఒడ్డు మీదనే నిలబడి చూసిన. 68వ నిమిషంల కేరళ గోల్ కొట్టింది. అల్లుడు తల పట్టుకున్నడు. ఇంకో రెండు నిమిషాలల్ల టైమ్ అయిపోతదనంగ, 88వ నిమిషంల సాహిల్ తవోరా అనే పిల్లగాడు గాలిల బంతిని అట్లనే తన్నిండు. గోల్! తర్వాత అదనపు టైమ్ ఆడిన్రు, తేలలే. పెనాల్టీలకు పోయింది. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు బంతులు ఆపిండు. 3-1తోని హైదరాబాద్ గెలిచింది. అల్లుడు మడిల దుంకిండు. "మామా, మన టీమ్ చాంపియన్" అని ఒకటే లొల్లి. నాకూ కండ్లల్ల నీళ్లొచ్చినయి, ఎందుకో తెల్వదు.

ఆ రాత్రి వాడు నాకు ఆ టీమ్ కథ చెప్పిండు. అది పుట్టిందే ఒక మూతబడ్డ టీమ్ జాగల. ఎఫ్‌సీ పుణె సిటీ అని ఒకటి ఉండె, పైసల తిప్పలతోని 2019ల బంద్ అయింది. దాని జాగల హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి ఏడాది 18 మ్యాచులాడి 10 పాయింట్లు తెచ్చుకున్నది, పది టీముల్లో పదోది. రెండో ఏడాది స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చిండు. పెద్ద పేర్ల ఎంబడి పడకుండ చిన్న పిల్లలను నమ్ముకున్నడు. ఆ ఏడు ఐదో జాగ. మూడో ఏడు కప్పు. ఒగ్బెచే అనే నైజీరియా ఆయన ఆ ఒక్క సీజన్‌లనే 18 గోల్స్ కొట్టిండు. కరోనా వల్ల మ్యాచులన్నీ గోవాలనే పెట్టిన్రు కాబట్టి, సొంత ఊర్ల ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండనే చాంపియన్ అయిన్రు.

ఇక్కడిదాకా సినిమా కథ. తర్వాతది వినండి.

2023-24 సీజన్‌కు వచ్చేసరికి పైసలు లేవు. ఆటగాళ్లకు జీతాలు సరిగ్గ అందలే. కొత్తోళ్లను తీసుకోవద్దని ఫిఫా ఆంక్ష పెట్టింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయిన్రు. మిగిలిన పిల్లలతోనే 22 మ్యాచులు ఆడిన్రు, ఒక్కటంటే ఒక్కటి గెలిచిన్రు. 8 పాయింట్లు, అందరికంటే కింద. కప్పు ఎత్తి రెండేండ్లే అయింది! తర్వాత వేరే కంపెనీ చేతికి పోయింది. 2025ల పేరు మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. బిస్తరు కట్టుకొని ఢిల్లీకి పోయింది.

అల్లుడు ఫోన్ చేసి "మామా, మన టీమ్ పోయింది" అన్నడు. వాని గొంతు విని నేను అడిగిన: "మన టీమ్ అంటున్నవు గదరా, అందుల నీది ఏమున్నది?" వాడు కొంచెంసేపు ఆగి, "ఒక జెర్సీ ఉన్నది మామా" అన్నడు.

నేను నవ్విన గాని, ఫోన్ పెట్టేసినంక ఆ మాట నన్ను పట్టుకున్నది. అది మీకు చెప్పేముందు ఇంకో టీమ్ ముచ్చట చెప్పాలె. ఇది ఇంగ్లండ్‌ది, ఇదీ అల్లుడు చెప్పిందే.

అక్కడ టీములు అంతస్తులుగ ఉంటయి. పైన ప్రీమియర్ లీగ్, దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి. బాగ ఆడితే పై తరగతికి పాస్, కిందికి పడితే కింది తరగతికి తోస్తరు. మన బడిల ఫెయిలైతే అదే క్లాసుల కూసోబెడతరు, అక్కడ కింది క్లాసుకే పంపుతరు.

సముద్రం ఒడ్డున పోర్ట్స్‌మౌత్ అని ఒక ఊరు. ఒకప్పుడు ఓడలు తయారుచేసే రేవు పని ఆ ఊరిది. వాళ్ల టీమ్ 2008ల ఎఫ్ఏ కప్పు గెలిచింది, అంటే ఆ దేశంల పెద్ద కప్పు. ఓనర్లు తాహతుకు మించి జీతాలిచ్చి ఆటగాళ్లను తెచ్చిన్రు. పంట రాకముందే అప్పు తెచ్చి పెండ్లి చేసినట్టు. రెండేండ్లల్ల, 2010ల, దివాలా పద్ధతిల పడ్డది. ప్రీమియర్ లీగ్‌ల ఉండంగ అట్ల పడ్డ మొదటి టీమ్ అదే. శిక్షగ 9 పాయింట్లు కోసిన్రు, కింది తరగతికి పడ్డది. 2012ల మళ్లీ దివాలా, ఇంకో 10 పాయింట్లు కోత, ఇంకో మెట్టు కిందికి. 2013ల ఇంకో మెట్టు. పైనుంచి నాలుగో అంతస్తుకు వచ్చి పడ్డది. టీమ్‌నే మూసేస్తరేమో అన్నదాకా వచ్చింది.

అప్పుడు ఆ ఊరోళ్లు ఏం చేసిన్రో తెలుసా? అభిమానులు ఒక సంఘం పెట్టుకున్నరు. ఒక్కో వాటా వెయ్యి పౌండ్లు. అప్పటి లెక్కన మన పైసల్ల 80 వేల పైనే. రెండు వేల మందికి పైగ వాటాలు కట్టిన్రు. అందరూ షావుకార్లు కాదు, మనలెక్క నెల ఎట్ల ఎల్లుతదో చూసుకునేటోళ్లు కూడా అందుల ఉన్నరు. 2013 ఏప్రిల్‌ల టీమ్‌ను కొనేసిన్రు.

కొన్నంక కథ సుఖాంతం అనుకునేరు. కాదు. మొదటి ఏడు 13వ జాగ. రెండో ఏడు 16వ జాగ, ఇంకా అధ్వానం. కాని ఈలోపల వాళ్లు చేసిన పని వేరే ఉన్నది. వచ్చిన పైసలెన్నో అంతల్నే ఖర్చు పెట్టిన్రు. 2014ల పాత బాకీలు తీర్చేసినం అని చెప్పిన్రు. మూడో ఏడు ఆరో జాగకు వచ్చి, ప్లే ఆఫ్‌ల ఓడిన్రు. నాలుగో ఏడు, 2016-17 సీజన్, పాల్ కుక్ అని కోచ్. పై తరగతికి పాస్ అయ్యుడు ఏప్రిల్‌లనే ఖాయమైంది. ఆఖరు రోజు మే 6న పొద్దున మూడో జాగల ఉన్నరు. సొంత గ్రౌండ్‌ల చెల్టెన్‌హామ్‌ను 6-1 తోని కొట్టిన్రు. పైనున్న రెండు టీములు గెలవలే. సాయంత్రానికి పోర్ట్స్‌మౌత్ మొదటి జాగ, చాంపియన్. 87 పాయింట్లు. రెండో జాగల ఉన్న ప్లిమత్‌కు కూడా 87 పాయింట్లే, గోల్స్ లెక్కల పోర్ట్స్‌మౌత్ ముందుకు వచ్చింది.

తర్వాత అదే ఏడు ఒక అమెరికా ఆయన, డిస్నీ కంపెనీ నడిపిన మైకేల్ ఐస్నర్, కొంటా అని వచ్చిండు. వాటాదార్లు ఓట్లేసుకొని అమ్మిన్రు. "చివరికి అమ్ముకున్నరు గదా" అని మీరు అనొచ్చు. నేనూ అట్లనే అన్న. కాని తేడా చూడండి. బాకీ లేని టీమ్‌ను, ధర మాట్లాడుకొని, షరతులు అడిగి, ఓటేసి అమ్మిన్రు. మన హైదరాబాద్ అభిమానిని ఎవరన్న ఒక్క మాట అడిగిన్రా? ఓటు ఎక్కడిది, ఉన్నది జెర్సీ.

ఇగ మన ఊరికి వద్దాం.

శక్కర్‌నగర్ చిమ్నీ చూడనోళ్లు మనల ఎవరూ లేరు. నిజాం జమానాల, 1937ల మొదలైన ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలనే పెద్దది అని పేరు. బోధన్ అంటే చక్కెర, చక్కెర అంటే బోధన్. 2002ల ప్రైవేటుకు పోయింది. 51 వంతులు ప్రైవేటుది, 49 వంతులు సర్కారుది. 51కి 49 కలిపితే నూరు అయిపోయింది. అందుల చెరుకు పండించే రైతుకు అని వేరుగ వాటా పెట్టలే. 2015 డిసెంబర్‌ల మూతబడ్డది. మనం ధర్నాలు చేసినం, రోడ్ల మీద కూసున్నం, "మా ఫ్యాక్టరీ" అని ఒర్రినం. అల్లుడు "మన టీమ్" అన్నట్టే.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలె. 2015లనే, మహారాష్ట్రలెక్క రైతుల సహకార పద్ధతిల ఫ్యాక్టరీ నడుపుదాం అనే మాట సర్కారు నుంచి వచ్చింది. మా ఊర్ల కూడా చెట్టు కింద కూసొని మాట్లాడుకున్నం. "వాటా పైసలు కట్టేటోళ్లు చెయ్యి ఎత్తండి" అని ఒక పెద్దమనిషి అడిగిండు. నేను ఎత్తలే. పక్కోడు ఎత్తుతడేమో అని చూసిన. పక్కోడు నన్ను చూసిండు. "సర్కారే నడపాలె, మనకెందుకు రిస్కు" అని లేచి వచ్చినం. ఆ ఏడు నేను రెండెకరాల చెరుకు తీసి వరి పెట్టిన.

మన భయానికి కారణం లేదనను. సారంగపూర్‌ల సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉండె గదా, అదీ మూతబడ్డది. సహకారం అని బోర్డు పెట్టంగనే అన్నీ అయిపోవు. పోర్ట్స్‌మౌత్‌ల కూడా వాటా కట్టినందుకే గెలవలే. కట్టినంక లెక్క అడిగిన్రు, బోర్డుల తమ మనుషులను కూసోబెట్టిన్రు, 16వ జాగల ఉన్నప్పుడు కూడా ఓపిక పట్టిన్రు. మనం ఏం చేస్తం? సొసైటీ మహాజన సభ అంటే భోజనం ఏం పెడుతున్నరని అడుగుతం. సంతకం పెట్టి బయటికొచ్చి చాయ్ తాగుతం. నేను చేసిన పనే చెప్తున్న, ఎవరినో అంటలేను.

ఆటల్నే ఇంకో మాట. మన నిజామాబాద్ బిడ్డ గుగులోతు సౌమ్య, తండాల పుట్టిన పిల్ల. దేశం తరఫున ఆడుతున్నది, క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ టీమ్‌దాకా పోయొచ్చింది. 2024-25ల ఈస్ట్ బెంగాల్‌తోని దేశవాళీ లీగ్ గెలిచి, దేశంలనే ఉత్తమ క్రీడాకారిణి అవార్డు తీసుకున్నది. ఆ బిడ్డ ఆట చూడాలంటే మనం కోల్‌కతా టీమ్ మ్యాచ్ పెట్టుకోవాలె. మన చెరుకు వేరే జిల్లా ఫ్యాక్టరీకి పోయినట్టే. పంట మనది, పేరు వేరే ఊరిది. పండించుడు మనకు రాక కాదు, పండినదాన్ని పట్టుకునే జాగ మనం కట్టుకోలే.

ఎందుకు ఇదంత రాస్తున్న అంటే, వచ్చే ఆదివారం మా ఊర్ల మీటింగ్ ఉన్నది. పసుపు, సోయా కలిపి అమ్ముకుందామని రైతుల కంపెనీ పెడుతున్నం. వాటా రెండు వేలు. మొన్నటిదాకా "చూద్దాం తీయ్" అన్న. ఇప్పుడు పైసలు తీసి పక్కకు పెట్టిన. రెండు వేలు పోతే పోనీ అని కాదు, పోనియ్యకుండ చూస్తా అని. మూడు నెలలకొకసారి లెక్క గోడకు అతికించాలె అనే షరతు నేనే అడుగుత. మొదటి ఏడు నష్టం వస్తే లేచి రాను. పోర్ట్స్‌మౌత్‌కు నాలుగేండ్లు పట్టింది, మనకు ఆరు పట్టొచ్చు.

అల్లుడు కూడా మొన్న అడిగిండు, "నా పేరు మీద ఒక వాటా కట్టొచ్చా మామా" అని. భూమి వాళ్ల అమ్మ పేరు మీద ఉన్నది, అక్క పేరున కట్టమన్న. ఆదివారం తల్లీకొడుకులు ఇద్దరూ వస్తున్నరు.

మీ ఊర్ల ఇట్లాంటి మీటింగ్ పెడితే, చెయ్యి ఎత్తండి అన్నప్పుడు పక్కోన్ని చూడకండి. ఆ పక్కోడు మిమ్మల్నే చూస్తుంటడు.

ఉంటా. కాలువ నీళ్ల టైమ్ అయింది.